భర్త కారు వల్ల పథకం ఆగింది: పేరు తీయించడానికి నోటరీ విడాకులు రాసుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మల్కాపురం. నాకు 31 ఏళ్లు. పాపకు 12, బాబుకు 9. నాలుగేళ్ల క్రితం మా ఆయన మమ్మల్ని వదిలేసి పరవాడలో ఇంకొకరితో కాపురం పెట్టాడు. అక్కడే ఓ మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. 2023 ఫిబ్రవరిలో ఫ్యామిలీ కోర్టు నాకు 4,000, పిల్లలకు చెరో 3,000, మొత్తం నెలకు 10,000 మనోవర్తి ఇవ్వమంది. ఆరు నెలలు నా ఖాతాలో వేశాడు. ఆగస్టు నుంచి మానేశాడు. నేను రెండిళ్లలో పని చేసి, సాయంత్రం టిఫిన్ సెంటర్లో గిన్నెలు కడుగుతాను. రేషన్ బియ్యం, పిల్లలకు బడిలో మధ్యాహ్న భోజనం, వాటి మీదే బతుకుతున్నాం. బడికెళ్లే పిల్లల కోసం ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బు ఈ ఏడాది పడలేదు. వార్డు సచివాలయంలో అడిగితే మా రేషన్ కార్డులో ఆయన పేరుందని, ఆయనకు కారుందని, అందుకే ఆగిందని చెప్పారు. మా బావగారు ఒక స్టాంపు పేపరు తెచ్చారు. ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిపోయామని నోటరీ చేయించుకుంటే లక్షన్నర ఇస్తారట, కార్డులో పేరు కూడా పోతుందట, ఒంటరి మహిళ పెన్షన్ కూడా వస్తుందట. సంతకం పెట్టమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. మీ ఆయన ఎలాంటివాడో, అత్తవారింట్లో ఎవరు ఏమన్నారో మీరు వివరంగా రాశారు. అదంతా కోర్టు 2023లోనే విని, నమ్మి, ఆర్డరు ఇచ్చేసింది. ఇప్పుడు మళ్లీ ఎవరికీ నిరూపించాల్సిన పని లేదు. నాకు కావలసింది మూడో పేజీ అడుగున మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన మాట: ఆగస్టు నుంచి మానేశాడు. మీ కేసంతా ఆ తేదీ మీదే నడుస్తుంది.

2023 ఆగస్టు నుంచి ఈ 2025 నవంబరు దాకా 28 నెలలు. నెలకు 10,000 చొప్పున 2,80,000 బాకీ. ఇన్నాళ్లలో మీరు ఒక్కసారి కూడా వసూలు పిటిషన్ వేయలేదు. పాత వకీలు ఫోన్ ఎత్తడం లేదని రాశారు. అది కారణం కాదమ్మా. ఆర్డరు మీ చేతిలో ఉంది, కోర్టు మీ ఊళ్లో ఉంది, వకీళ్లు ఆయనొక్కరే కాదు.

దీనికి గడువుందని మీకెవరూ చెప్పలేదు, మీరూ అడగలేదు. మనోవర్తికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్. రెండింటిలోనూ మూడో ఉపవిభాగం ఒకటే చెబుతుంది. మనోవర్తి బాకీకి వారెంటు (బలవంతంగా వసూలు చేసి, కట్టకపోతే జైలుకు పంపే కోర్టు ఆదేశం) కావాలంటే, ఆ సొమ్ము చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా కోర్టులో దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటిన నెలకు వారెంటు ఇవ్వరు. గడువు ఆర్డరు మొత్తానికి ఒకటి కాదు, ఏ నెలకు ఆ నెల విడిగా లెక్క. పాత చట్టం కింద వచ్చిన ఆర్డరు కొత్త చట్టం వచ్చాక కూడా చెల్లుతుంది, ఆ అనుమానం పెట్టుకోకండి.

మీరు పంపిన ఫొటోల్లో ఆర్డరు రెండో పేజీ చిరిగి ఉంది. అయినా ‘ప్రతి నెలా 10వ తేదీలోగా’ అన్న మాట కనిపిస్తోంది. అంటే నిరుడు డిసెంబరు 10న ఇవ్వాల్సిన డబ్బుకు గడువు ఈ డిసెంబరు 10, బుధవారంతో ముగుస్తుంది. అంతకు ముందు పిటిషన్ పడితే 12 నెలల బాకీ, 1,20,000, వారెంటు కిందికి వస్తుంది. ఆ రోజు దాటితే ఈ బాకీలో 11 నెలలే. ఇప్పటికే 16 నెలలు, అంటే 1,60,000, ఆ దారిలో చేజారిపోయాయి.

మీరేమో ఇద్దరు పిల్లలకు కలిపి వచ్చే 26,000 కోసం సచివాలయం చుట్టూ తిరుగుతూ కూర్చున్నారు. తిరగడం తప్పు కాదు, ఆ డబ్బు మీ పిల్లలది. తల్లికి వందనంలో బిడ్డకు 15,000 అని చెప్పి, 2,000 బడి నిర్వహణకు పట్టుకుని 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. కానీ ఏడాదికి 1,20,000 ఇవ్వాల్సిన మనిషిని వదిలేసి, 26,000 ఇచ్చే ప్రభుత్వం ఒక్కదాన్నే పట్టుకోవడం ఏం లెక్క?

పోయిన 16 నెలల సంగతి. ఆ బాకీ చచ్చిపోలేదు. ఏడాది గడువు వారెంటు పద్ధతికే గాని బాకీకి కాదని, ఆ సొమ్మును మామూలు సివిల్ దావా దారిలో రాబట్టుకునే హక్కు మిగిలే ఉంటుందని సుప్రీంకోర్టు 2013లో పూంగోడి వర్సెస్ తంగవేల్ కేసులో చెప్పింది. అది నెమ్మదిగా సాగే దారి. జైలు భయం ఉండదు, జీతం జప్తు లాంటివి చేయించుకోవాలి. అందుకే ముందు వారెంటు పిటిషన్, తర్వాత అది.

ఇప్పుడు మీ బావగారి స్టాంపు పేపరు. సంతకం పెట్టకండి. వేలిముద్ర వేయకండి. ‘చదువుకుని ఇస్తాను’ అని తీసుకుని, వీలైతే ఫొటో తీసి ఉంచుకోండి.

హిందూ వివాహం నోటరీ దగ్గర రద్దు కాదు. కులాచారంగా వచ్చే విడాకులున్నా ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి. లేదంటే ఇద్దరి ఇష్టంతో విడిపోవాలన్నా ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పిటిషన్ వేసి డిక్రీ తెచ్చుకోవాలి. కాబట్టి ఆ కాగితంతో మీకు విడాకులు రావు. చాలామంది ఇక్కడితో ఆగి, చెల్లని కాగితమే కదా, డబ్బు తీసుకుంటే పోయిందేముంది అనుకుంటారు. అసలు ముప్పు ఇక్కడే ఉంది. పైన చెప్పిన 144వ సెక్షన్లోనే నాలుగో ఉపవిభాగం ప్రకారం, భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే భార్యకు మనోవర్తి హక్కు లేదు. ఆ స్టాంపు పేపర్లో మొదటి వాక్యమే ‘ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం’ అని. మీ పెళ్లిని అది రద్దు చేయలేదు, కానీ మీ 4,000 రద్దు చేయమని అడగడానికి మీ ఆయన వకీలుకు మీ సంతకంతోనే సాక్ష్యం దొరుకుతుంది. అది రాసినవాడికి చట్టం తెలుసు. తెలియనిది మీకే.

లక్షన్నర పెద్ద మొత్తమనిపిస్తుంది. లెక్క చూడండి. పాత బాకీ 2,80,000. పాపకు 18 నిండేదాకా ఆరేళ్లు, బాబుకు తొమ్మిదేళ్లు. నెలకు 3,000 చొప్పున ఇద్దరికీ 5,40,000. మొత్తం 8,20,000. ఇకపై మీకు నెలనెలా రావాల్సిన సొంత 4,000 ఇందులో కలపలేదు. పైగా ఆడపిల్లకు పెళ్లయ్యేదాకా, తనను తాను పోషించుకోలేకపోతే, హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద తండ్రి బాధ్యత ఉంటుంది. పిల్లల హక్కును మీరు వదులుకున్నా చెల్లదు. కానీ చెల్లదని తేల్చుకోవడానికి మళ్లీ ఏళ్ల తరబడి వాయిదాలు తిరగాల్సింది మీరే.

ఉత్తరం చివర ఇంకో మాట రాశారు. సచివాలయం బయట ఫారాలు నింపే ఒకాయన ‘భర్త ఎక్కడున్నాడో తెలియదు’ అని అఫిడవిట్ ఇచ్చేయమన్నాడట. ఆ పనీ చేయకండి. వసూలు పిటిషన్లో ఆయన చిరునామా, పని చేసే చోటు మీరే రాయాలి. ఒక ఆఫీసులో తెలియదని ప్రమాణం చేసి, కోర్టులో పరవాడ అడ్రసు ఇస్తే మీ మాటకు ఇక విలువేముంటుంది? అబద్ధపు ప్రమాణం నేరం కూడా.

మీరు తిట్టుకుంటున్న ఆ కారు విషయానికి వస్తాను. అది మీకు దొరికిన మంచి సాక్ష్యం. ఆర్డరు ఫొటోల్లో చూశాను, 2023లో ఆయన తన జీతం 15,000 అని చెప్పుకున్నాడు. 15,000 జీతగాడు కారెలా కొన్నాడు? అప్పు మీద కొని ఉంటే ఫైనాన్స్ కంపెనీకి ఆదాయం కాగితాలు ఇచ్చే ఉంటాడు. కోర్టుకు ఒక జీతం, అప్పు ఇచ్చేవాడికి ఇంకో జీతం చెప్పడం ఇలాంటి భర్తలకు మామూలే. ఆ ఫైలు తెప్పించమని కోర్టును అడగవచ్చు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. కారు దాచితే అబద్ధం, చూపితే స్తోమత. దాన్ని పట్టుకుని కొత్త సంహిత 146వ సెక్షన్ కింద మనోవర్తి పెంచమని విడిగా పిటిషన్ కూడా వేయవచ్చు. పిల్లలు పెద్దవుతున్నారు, ఖర్చులు పెరిగాయి, అదీ కారణమే. అయితే బాకీ వసూలు పిటిషన్ దీని కోసం ఆపకండి.

అందుకే సచివాలయంలో నోటిమాట విని వచ్చేయడం మీరు చేసిన రెండో పొరపాటు. ఏ కారణంతో అనర్హులని తేల్చారో, ఏ బండి నంబరు చూపిస్తోందో కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్లకార్డు నకలు జతచేస్తే ఫీజు ఉండదు. బండి నంబరు తెలిశాక అది ఓన్ బోర్డా, ట్యాక్సీ ప్లేటా చూసుకోండి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్నవాళ్లకు పథకంలో మినహాయింపు ఉంది. ట్యాక్సీ అయితే ఆపడమే తప్పు.

ఓన్ బోర్డు అయితే ఆయన మీ ఇంట్లో మనిషి కాదని చూపించాలి. దానికి విడాకులే అక్కర్లేదు. ఆయన మిమ్మల్ని వదిలేశాడని, మీరు విడిగా ఉంటున్నారని ఫ్యామిలీ కోర్టు రాసిచ్చిన ఆర్డరుకు మించిన కాగితం ఏముంది? సర్టిఫైడ్ కాపీ జతచేసి, కార్డు విడగొట్టమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, ఆ అర్జీ నంబరు దాచుకోండి. అక్కడా కాకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. అప్పుడు ఈ రసీదులే మీ కేసు.

ఒంటరి మహిళ పెన్షన్ ఆశ వదిలేయండి. దానికి వయసు షరతు ఉంది, 31 ఏళ్లకు రాదు. బావగారు అది చెప్పలేదు కదా.

వసూలు పిటిషన్‌కు కావలసినవి ఎక్కువేమీ కాదు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, 2023 ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా బ్యాంకు స్టేట్‌మెంటు, నెలవారీ బాకీ లెక్క, ఆయన ఇంటి అడ్రసు, కాంట్రాక్టరు పేరు. మనోవర్తి ఆర్డరు ఎవరి పక్షాన వచ్చిందో వాళ్లకు కాపీ ఉచితంగా ఇవ్వాలని అదే సంహిత 147వ సెక్షన్లోనే ఉంది. చిరిగిన పేజీ పట్టుకుని తిరగకండి. పరవాడ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిందని మీరు భయపడ్డారు. ఆర్డరు ఇచ్చిన విశాఖ కోర్టులోనే వేయండి. అవసరమైతే ఆయన ఉన్న చోటి మేజిస్ట్రేటు కూడా అమలు చేయవచ్చని అదే సెక్షన్ చెబుతుంది.

వకీలుకు ఇచ్చుకోలేనని రాశారు. జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. రేపే వెళ్లండి. ముందుగా మాట్లాడాలంటే 15100కు ఫోన్ చేయండి. వెళ్లగానే మీ కష్టమంతా చెప్పుకుంటూ కూర్చోకుండా, డిసెంబరు 10 గడువు సంగతి ముందు చెప్పండి.

నోటీసు అందాక ఆయన మూడు రకాలుగా మాట్లాడవచ్చు. ‘రమ్మంటున్నాను, రావడం లేదు’ అనవచ్చు. ఇంకొకరితో కాపురం ఉన్న భర్త దగ్గరికి వెళ్లననడానికి చట్టమే మీకు కారణం ఇచ్చింది. ‘జైలుకైనా పోతాను, డబ్బివ్వను’ అనవచ్చు. జైలుకు వెళ్లినా బాకీ తీరదని సుప్రీంకోర్టు 1988లో కుల్దీప్ కౌర్ కేసులో తేల్చింది. మూడోది, అన్నిటికంటే ప్రమాదం, ‘చేతికి ఇచ్చేశాను’ అనడం. దసరాకు పిల్లల బట్టలకని 2,000 చేతిలో పెట్టాడని రాశారు. రసీదు లేదు. ఆ 2,000ను ఆయన రేపు 50,000 అని చెబితే కాదనడానికి మీ మాట తప్ప ఏముంది? ఇకపై ఒక్క రూపాయైనా ఖాతాలోకే వేయమనండి. ఆ 2,000 మాత్రం పిటిషన్లో మీరే ఒప్పుకుని లెక్కలో తగ్గించండి. దాచకండి.

ఇంకో సాక్ష్యం మీ ఫోన్లోనే ఉంది. మొన్న జూన్‌లో ఆయన పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్: ‘గవర్నమెంటు ఇత్తంది కదేటి, మళ్లీ నన్నెందుకు అడుగుతావు, రెండేళ్లయి ఇవ్వట్లేదు, ఏం చేశావు?’ కోపంలో మాట్లాడిన ఆ మాటలతో బాకీని తనే ఒప్పుకున్నాడు. ప్రభుత్వం పిల్లల చదువుకిచ్చే డబ్బు తండ్రి బాధ్యతకు చెల్లు కాదు, ఆ వాదన కోర్టులో నిలవదు. మెసేజ్ తుడిచేయకండి, ఫోన్ మార్చకండి, పాత ఫోన్ ఇచ్చేసి కొత్తది తీసుకునే ఆఫర్లకు పోకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేసి మీ వకీలు దాన్ని దాఖలు చేస్తారు. స్క్రీన్ పగిలిందని రాశారు, బాగుచేయించాలంటే ముందు వకీలుకు చూపించి, మెసేజ్ కాపీ తీయించాకే షాపులో ఇవ్వండి.