గెలిచే ఆటని డ్రా చేసుకునే చెస్ ప్రోగ్రామ్

ప్రశ్న: సొంతంగా చెస్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. రాణి ఎక్కువ ఉన్నా సరే, అవే ఎత్తులు మళ్లీ మళ్లీ వేసి డ్రా చేసేసుకుంటోంది. ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా కదా, అలా వచ్చిందని దానికి ఎలా తెలియాలి? ప్రతిసారీ 64 గళ్లూ పోల్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చూపించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 12 రకాల పావులకీ 64 గళ్లకీ కలిపి 768 ర్యాండమ్ సంఖ్యలు, ఎవరి వంతు, కాస్లింగ్, ఎన్ పాసాంట్ అనే ప్రత్యేక ఎత్తుల అవకాశాలు లాంటివాటికి ఇంకొన్ని ముందే పెట్టుకుని, బోర్డు మీద ఉన్నవాటి సంఖ్యలను ఎక్స్‌ఆర్ (సంఖ్యలను బిట్ బిట్‌గా కలిపే లెక్క, అదే సంఖ్యతో మళ్లీ చేస్తే అది చెరిగిపోతుంది) చేస్తే ఆ పొజిషన్‌కి ఒక కీ వస్తుంది. ఎత్తు వేసినప్పుడు మారినవాటిని మాత్రం ఎక్స్‌ఆర్ చేస్తే చాలు.

ఈ కీలను వరసగా దాచుకుంటూ, ఇప్పటి కీ ఇంతకుముందు వచ్చిందేమో వెనక్కి వెతకాలి. బంటు కదిలినా, పావు చచ్చినా పాత పొజిషన్ ఇక తిరిగి రాదు, అక్కడితో ఆపేయండి. వంతు కూడా కలవాలి కాబట్టి ఒకటి విడిచి ఒకటి చూస్తే సరిపోతుంది.

మీ అసలు సమస్య బహుశా ఇక్కడ ఉంది: యూసీఐలో (చెస్ స్క్రీన్, ఇంజిన్ అంటే ఆడే ప్రోగ్రామ్, మాట్లాడుకునే పద్ధతి) గేమ్ ఎత్తులన్నీ వస్తాయి, కానీ చాలామంది వాటితో చివరి బోర్డు మాత్రం కట్టుకుని కీలను పారేస్తారు, అప్పుడు ఇదే పొజిషన్ ఇంతకుముందు రెండుసార్లు వచ్చిందన్న సంగతి సెర్చ్‌కి, అంటే రాబోయే ఎత్తులను వెతికే భాగానికి, ఎలా తెలుస్తుంది! ఆ కీలను తప్పకుండా అందించండి.

ఇంకోటి, సెర్చ్‌లోనే పుట్టిన పొజిషన్ రెండోసారి రాగానే స్కోరు సున్నా, అంటే డ్రా, ఇచ్చేయండి, మూడోసారి దాకా ఆగొద్దు. ఒకసారి తిరిగి రావడమే మంచిదైతే మళ్లీ తిరగడమూ అంతే మంచిది, ఊరికే సెర్చ్ లోతు వృథా. పేరున్న చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ కూడా ఇంతే చేస్తుంది, గేమ్‌లో ముందే వచ్చిన పొజిషన్‌కి మాత్రం మూడోసారి వచ్చేదాకా చూస్తుంది. ఓడిపోయే వైపుకి ఆ సున్నా ఎంత విలువైనదో తెలియాలంటే 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఆడిన రెండో గేమ్ చూడండి, ఆయన రిజైన్ చేసిన చోట వరస చెక్‌లతో డ్రాకి దారి ఉందని తర్వాత విశ్లేషకులు అన్నారు.

చివరగా, పొజిషన్ మళ్లీ వచ్చిందేమో చూసే రిపిటీషన్ చెక్‌ని హ్యాష్ టేబుల్ (లెక్కేసిన స్కోర్లను కీ వారీగా దాచే పట్టిక) చూడడానికి ముందే పెట్టండి. కీకి పొజిషన్ తెలుసు గానీ అక్కడికి ఏ దారిన వచ్చామో తెలియదు, అందుకే ఒక దారిలో సున్నా అయిన స్కోరు టేబుల్లో చేరి ఇంకో దారిలో అబద్ధం చెబుతుంది. పెద్ద ఇంజిన్లు కూడా ఈ చిక్కుతో సర్దుకుపోతూనే ఆడుతున్నాయి.