స్పిండిల్ రిలే పడగానే యూఎస్‌బీ తెగిపోతుంటే ఎక్కడ వెతకాలి

మీ సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో కోసే మెషీన్) గురించి మీరు రాసినదాన్ని బట్టి, సెటప్ నాకు అర్థమైనంత వరకు ఇది: గాజువాకలో ఇంటి వెనక షెడ్డు, మూడు నీమా 23 స్టెప్పర్లు (అడుగులుగా తిరిగే మోటార్లు), వాటిని నడిపే మూడు డీఎం542 డ్రైవ్‌లు, 36 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), ఆర్డూయినో ఊనో బోర్డులో జీఆర్‌బీఎల్ 1.1 (మెషీన్‌ని నడిపే ఫర్మ్‌వేర్), స్పిండిల్‌గా (బిట్‌ని తిప్పే మోటారుగా) 230 వోల్టుల 700 వాట్ల ట్రిమ్మర్. ట్రిమ్మర్‌ని నీలం రంగు 5 వోల్టుల రిలే మాడ్యూల్ (కరెంటుతో పనిచేసే స్విచ్) నేరుగా ఆన్ ఆఫ్ చేస్తోంది. స్పిండిల్ ఆగగానే యూఎస్‌బీ తెగిపోతోంది, ల్యాప్‌టాప్‌లో కనెక్ట్ నొక్కగానే ట్రిమ్మర్ రెండు మూడుసార్లు ఉలిక్కిపడుతోంది, పని సాగేకొద్దీ ఎక్స్ అక్షం పక్కకి జరుగుతోంది. ఆర్డూయినో పోయింది, మార్చమని ఎవరో అన్నారని రాశారు. మార్చకండి. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి, కొత్త బోర్డు పెట్టినా మూడూ అలాగే ఉంటాయి.

ముందు ఉలిక్కిపడే సంగతి, ఎందుకంటే అది ప్రమాదం. బిట్ మారుస్తూ చెయ్యి కొలెట్ (బిట్‌ని పట్టుకునే బిగింపు) మీద ఉన్నప్పుడు పక్కన ఎవరైనా కనెక్ట్ నొక్కితే వేళ్లు పోతాయి. మీరు ఫర్మ్‌వేర్‌లో డైరెక్షన్ పిన్‌ని ఎనేబుల్‌గా మార్చుకుని రిలేని 13వ పిన్‌కి ఇచ్చారు. ఊనోలో 13వ పిన్ మీదే బోర్డు ఎల్‌ఈడీ ఉంటుంది. సీరియల్ పోర్టు తెరవగానే బోర్డు రీసెట్ అవుతుంది, అప్పుడు బూట్‌లోడర్ (బోర్డు లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ఆ ఎల్‌ఈడీని మూడుసార్లు మినుకుమనిపిస్తుంది. మీ రిలే కూడా దాంతో పాటే కొట్టుకుంటోంది. జీఆర్‌బీఎల్ ఇంకా లేవకముందే జరిగేది కాబట్టి ఏ సెట్టింగ్‌తోనూ ఆగదు.

ట్రిమ్మర్‌కి వేగం సొంత డయల్‌తోనే మారుతుంది, మీకు పీడబ్ల్యూఎం (పల్సులతో వేగం మార్చే సిగ్నల్) అక్కర్లేదు. కాన్ఫిగ్ ఫైల్లో వేరియబుల్ స్పిండిల్ లైను, డైరెక్షన్ పిన్‌ని ఎనేబుల్ చేసే లైను రెండూ కామెంట్ చేసి (అంటే పనిచేయకుండా చేసి) మళ్లీ ఎక్కించండి. అప్పుడు స్పిండిల్ ఎనేబుల్ 12వ పిన్‌కి వస్తుంది, జెడ్ లిమిట్ స్విచ్ (పైకీ కిందకీ కదలిక కొసలో ఆపేది) 11కి మారుతుంది. షీల్డ్ (ఆర్డూయినో మీద కూర్చునే బోర్డు) వాడుతుంటే దాని మీద అచ్చు వేసిన పేర్లు పాత వెర్షన్లవి, 1.1లో మామూలుగా ఈ రెండు పిన్నులూ తారుమారుగా ఉంటాయి, ఈ మార్పు తర్వాత అచ్చుకి సరిపోతాయి.

ఇంకో చిక్కుంది. చాలా రిలే మాడ్యూళ్లు ఇన్‌పుట్ సున్నా అయితే ఆన్ అయ్యే రకం. అలాంటిది పెడితే జీఆర్‌బీఎల్ లేచి పిన్‌ని సున్నా చేయగానే ట్రిమ్మర్ తిరగడం మొదలెడుతుంది. ట్రిగ్గర్ జంపర్ ఉన్న మాడ్యూల్ తీసుకుని 'హై' వైపు పెట్టండి. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒకటి వేస్తే రీసెట్ సమయంలో పిన్ గాల్లో వేలాడినా రిలే కదలదు. ఇదంతా ట్రిమ్మర్ ప్లగ్ పీకేసి, రిలే టిక్కు శబ్దం వింటూ పరీక్షించండి.

ఇక యూఎస్‌బీ. కారణం ఎటువైపుందో తేల్చే పరీక్ష తేలికే. రిలేకి ఏ లోడూ లేకుండా ఎం3 (స్పిండిల్ ఆన్), ఎం5 (ఆఫ్) ఒక ఇరవై సార్లు ఇవ్వండి. అప్పుడే తెగిపోతే తప్పు రిలే కాయిల్ వైపు, అంటే 5 వోల్టుల సప్లైలో ఉంది. తెగకపోతే ట్రిమ్మర్ బదులు 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టి మళ్లీ చేయండి. బల్బుతో బాగుండి ట్రిమ్మర్‌తోనే తెగితే కాంటాక్టుల మధ్య పుట్టే నిప్పురవ్వే (ఆర్క్) కారణం. ట్రిమ్మర్ బ్రష్‌ల మోటారు. కరెంటు కోసిన క్షణంలో దాని వైండింగ్ వోల్టేజీని ఎగదన్నుతుంది. ఆ తీగ పక్కనే యూఎస్‌బీ కేబుల్ పోతుంటే ఇక చెప్పక్కర్లేదు.

నీలం రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. అది హీటర్ లాంటి లోడ్‌కి చెప్పిన లెక్క. 700 వాట్ల ట్రిమ్మర్ తిరిగేటప్పుడు 3 ఆంపియర్లే తాగినా, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. కొన్నాళ్లకి కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఎం5 ఇచ్చినా స్పిండిల్ ఆగదు. అందుకే నీలం రిలే పని కాంటాక్టర్ (పెద్ద లోడ్‌లకి వాడే బలమైన రిలే) కాయిల్‌ని లాగడం వరకే ఉండాలి. 230 వోల్టుల కాయిల్ ఉన్న 9 ఆంపియర్ల ఏసీ3 (మోటారు లోడ్) రేటింగ్ పవర్ కాంటాక్టర్ తెచ్చుకోండి, ఆటోనగర్‌లో ప్యానెల్ సామాను అమ్మేవాళ్లని అడిగితే దొరుకుతుంది. ట్రిమ్మర్ ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని గుండా పోవాలి. ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే) వాడొచ్చా అని అడుగుతారేమో. వాడొచ్చు, కానీ అది పాడైతే ఎక్కువగా షార్ట్ అయి ఆన్‌లోనే ఉండిపోతుంది. దాని ముందు ఎమర్జెన్సీ స్టాప్‌తో పడిపోయే కాంటాక్టర్ ఎలాగూ కావాలి. రెండూ కొనే బదులు కాంటాక్టర్ ఒక్కటే నయం.

స్నబ్బర్ (వోల్టేజీ ఎగదన్నకుండా అణిచే కెపాసిటర్-రెసిస్టర్ జత) ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. 0.1 మైక్రోఫారడ్ 275 వోల్టుల ఎక్స్2 కెపాసిటర్, దానికి సిరీస్‌లో 100 ఓమ్స్ 1 వాట్ రెసిస్టర్. ఒకటి కాంటాక్టర్ కాయిల్ రెండు కొసలకీ, ఇంకొకటి ట్రిమ్మర్ సాకెట్ ఫేజ్, న్యూట్రల్ మధ్యా పెట్టండి. నీలం రిలే కాంటాక్టులకి అడ్డంగా మాత్రం పెట్టకండి. ఆ కెపాసిటర్ గుండా రిలే ఆఫ్‌లో ఉన్నా దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు పారుతూనే ఉంటాయి. చిన్న కాంటాక్టర్ దాంతో గుర్రుమనొచ్చు, ఒక్కోసారి సరిగ్గా వదలకపోవచ్చు కూడా.

రిలే మాడ్యూల్ మీద ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించి రెండు వైపులనీ విడదీసేది) ఉందిగా అని ధీమాగా ఉండకండి. వీసీసీ, జేడీ-వీసీసీ మధ్య జంపర్ అలాగే ఉంటే రెండు వైపులకీ ఒకే 5 వోల్టులు, ఇక ఆప్టో ఉండీ లేనట్టే. జంపర్ తీసేసి, కాయిల్ వైపుకి వేరే 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. దాని గ్రౌండ్‌ని ఆర్డూయినో గ్రౌండ్‌తో కలపకండి. అదే కారణంతో 36 వోల్టుల సప్లై నెగెటివ్‌ని కూడా ఆర్డూయినో గ్రౌండ్‌తో కలపక్కర్లేదు, డీఎం542 ఇన్‌పుట్‌లు ఆప్టోలే. యూఎస్‌బీ కేబుల్ మీటరులోపు, ఫెర్రైట్ గుండు ఉన్నది తీసుకోండి. కేబుల్ చైన్‌లో ట్రిమ్మర్ తీగ ఒక గదిలో, లిమిట్ స్విచ్ తీగలు ఇంకో గదిలో పోవాలి. లిమిట్లని ఎన్‌సీగా (మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునేలా) కట్టి, ఒక్కో పిన్‌కి బయటి నుంచి 5 వోల్టులకి 2.2 కిలో ఓమ్స్ పుల్-అప్, గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ వేస్తే దొంగ అలారాలు చాలావరకు పోతాయి.

ఎక్స్ జరగడం. ట్రిమ్మర్ ఆపేసి, ఎక్స్‌ని 10 మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ వందసార్లు నడిపే చిన్న ఫైలు రాసి, డయల్ గేజ్ పెట్టి చూడండి. స్పిండిల్ ఆగి ఉన్నా జరిగితే నాయిస్ కాదు. ఒక్కసారిగా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఎగిరితే మోటారు స్టాల్ అవుతోందని. కరెంటు స్విచ్‌లు, యాక్సిలరేషన్ చూసుకోవాలి. ప్రతిసారీ కొంచెం కొంచెం ఒకే వైపు జరుగుతుంటే అది డైరెక్షన్ టైమింగ్.

జీఆర్‌బీఎల్ డైరెక్షన్ పిన్‌నీ స్టెప్ పిన్‌నీ దాదాపు ఒకేసారి మారుస్తుంది. డీఎం542కి మాత్రం డైరెక్షన్ 5 మైక్రోసెకన్లు ముందే స్థిరపడాలి. అది అందకపోతే దిశ మారాక మొదటి అడుగు పాత వైపే పడుతుంది. రెండు వైపులా తప్పితే లెక్క సరిపోయేదే, కానీ ఆప్టో ఆన్ అవడానికీ ఆఫ్ అవడానికీ ఒకే సమయం పట్టదు కాబట్టి సాధారణంగా ఒక వైపే తప్పుతుంది. 5 మిల్లీమీటర్ల పిచ్ బాల్‌స్క్రూ, 1600 పల్సుల మైక్రోస్టెప్ అయితే ఒక అడుగు 0.003 మిల్లీమీటర్లు. ఒక్కో రాకపోకకి రెండు అడుగుల తేడా, వందకి 0.6 మిల్లీమీటర్లు. మీరు రాసిన తేడా కూడా ఆ కొలతలోదే. కాన్ఫిగ్ ఫైల్లో స్టెప్ పల్స్ డిలే అనే లైను కామెంట్‌లో ఉంటుంది, 10 మైక్రోసెకన్లు. దాన్ని తెరిచి ఎక్కించండి. అది వద్దనుకుంటే జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $2 (స్టెప్ పల్స్‌ని తలకిందులు చేసేది) విలువని 7 చేసి, $0ని (పల్స్ పొడవు) 10 దగ్గర ఉంచి అదే ఫైలు మళ్లీ నడపండి. పల్స్ ఏ అంచు మీద మోటారు కదులుతుందో దాంతో మారుతుంది. అలాగే $1ని 255 చేయండి, లేకపోతే కదలిక ఆగిన ప్రతిసారీ మోటార్లు పట్టు వదులుతాయి. డ్రైవ్‌ల ఎనేబుల్ తీగలు అసలు కట్టకుండా వదిలేసినా మోటార్లు పట్టు వదలవు.

డ్రైవ్‌ల పవర్ తీగలు ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసుగా లాగకండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒక్కోదానికి విడిగా 1.5 స్క్వేర్ ఎంఎం జత, ఒక్కోదానికి 5 ఆంపియర్ల ఫ్యూజ్. డ్రైవ్ ఆన్‌లో ఉండగా మోటారు తీగ ఊడితే డ్రైవ్ పోయినట్టే, కాబట్టి ఆ స్క్రూలు గట్టిగా ఉండాలి. మన విశాఖ ఉప్పుగాలికి విప్పిన రాగి పోగులు ఒక్క వానాకాలంలో నల్లబడి, టెర్మినల్ వేడెక్కుతుంది. పోగులకి సోల్డర్ పూసి స్క్రూ కింద పెట్టడం కూడా వద్దు, సోల్డర్ నలిగి వదులవుతుంది. టిన్ పూత ఉన్న ఫెర్రూల్స్ (తీగ కొసకి తొడిగే లోహపు గొట్టాలు) క్రింప్ చేయండి.

ఎమర్జెన్సీ స్టాప్ ఎన్‌సీ కాంటాక్టుని కాంటాక్టర్ కాయిల్‌కి సిరీస్‌లో పెట్టండి, సాఫ్ట్‌వేర్ చేతిలో వదలకండి. రెండో ఎన్‌సీ బ్లాక్‌తో ఇంకో కాంటాక్టర్‌ని పడేసి 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ ఏసీ వైపు కోయండి. ఆర్డూయినో మాత్రం ఆన్‌లోనే ఉండనివ్వండి.

తర్వాత 2.2 కిలోవాట్ల వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్) స్పిండిల్‌కి మారాలని ఉందన్నారు. అప్పుడు వీఎఫ్‌డీకీ స్పిండిల్‌కీ మధ్య రిలే గానీ కాంటాక్టర్ గానీ పెట్టకండి, నడుస్తుండగా అది తెరుచుకుంటే వీఎఫ్‌డీ అవుట్‌పుట్ కాలిపోవచ్చు. అక్కడ నీలం రిలేనే చాలు: దాని కాంటాక్టు రెండు కొసలూ వీఎఫ్‌డీ ఎఫ్‌ఓఆర్ (ముందుకు తిరుగు), డీసీఎం (కామన్) టెర్మినళ్లకి. హువాన్‌యాంగ్ బ్రాండు వీఎఫ్‌డీ అయితే పీడీ001 సెట్టింగ్‌ని 1 చేస్తే బయటి టెర్మినల్ మాట వింటుంది. 24,000 ఆర్‌పీఎం స్పిండిల్‌కి పీడీ003, 004, 005 (నడిచే, బేస్, గరిష్ఠ ఫ్రీక్వెన్సీలు) మూడూ 400 హెర్ట్జ్ ఉండాలి. పీడీ004ని 50 దగ్గర వదిలేసి నడిపితే తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజీ పడి వైండింగ్ వేడెక్కుతుంది, కాబట్టి స్పిండిల్ తీగ కలిపే ముందే ఈ నంబర్లు ఎక్కించండి.