స్కాన్ రిపోర్టు ఎక్స్‌ఎంఎల్‌లోకి, మళ్లీ వెనక్కి

ప్రశ్న: మాది గూడూరు. చెన్నైలో ఒక స్కాన్ సెంటర్‌లో కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాను. మా సీటీ యంత్రం ప్రతి పరీక్ష చివర రేడియేషన్ మోతాదు వివరాలతో ఒక ‘స్ట్రక్చర్డ్ రిపోర్టు’ను డైకామ్ ఫైలుగా (వైద్య చిత్రాలకు వాడే ఫైలు రూపం) ప్యాక్స్‌కు, అంటే స్కాన్లన్నీ దాచే సర్వరుకు, పంపుతుంది. వ్యూయర్‌లో తెరిస్తే నల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. ఈ మోతాదులన్నీ నెల నెలా ఒక పట్టికగా కావాలని మా రేడియాలజిస్టుగారు అడుగుతున్నారు. ఇలాంటి రిపోర్టును ఎక్స్‌ఎంఎల్‌గా (ట్యాగుల మధ్య సమాచారం ఉండే మామూలు వచన ఫైలు) మార్చే, ఆ ఎక్స్‌ఎంఎల్‌ను తిరిగి రిపోర్టుగా మార్చే ఉచిత కమాండ్ లైన్ సాధనాలు ఉన్నాయని విన్నాను. వాటిని ఎలా వాడాలి? మార్చడంలో ఏమైనా పోతుందా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: నల్లటి తెర చూసి ఫైలు పాడైందని అనుకోకండి. డైకామ్ ఫైలు అనగానే అందులో బొమ్మ ఉంటుందని వ్యూయర్ ఆశిస్తుంది, మీ ఫైలులో బొమ్మే లేదు. ఫైలు మొదట్లో అన్ని డైకామ్ ఫైళ్లకూ ఉండే 128 బైట్ల జాగా, ఆ తర్వాత ‘డీఐసీఎం’ అనే నాలుగు అక్షరాలు, రోగి వివరాలు మామూలుగానే ఉంటాయి గానీ, లోపల ఉన్నది ఒక చెట్టు. వేరు దగ్గర ‘కంటెయినర్’, దాని కింద కొమ్మలుగా మరికొన్ని కంటెయినర్లు, చివర ఆకులుగా అంకెలు, కోడ్‌లు, తేదీలు, పేర్లు, వచనం. ప్రతి కొమ్మకూ పై కొమ్మతో ఉన్న సంబంధం ఏమిటో కూడా రాసి ఉంటుంది. ‘ఇందులో ఇది ఉంది’ అన్నది ఒక సంబంధం, ‘దీన్నిబట్టి ఇది తేలింది’ అన్నది మరొకటి. ఫైలు రూపం మార్చినా ఈ సంబంధాలు చెదరకూడదు.

మీరు విన్న సాధనాలు డీసీఎంటీకే అనే కట్టలోవి. జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో ఉన్న ఆఫిస్ అనే పరిశోధన సంస్థ దాన్ని తయారు చేసి ఉచితంగా ఇస్తోంది. ఉబుంటులో అదే పేరుతో ప్యాకేజీ ఉంది, విండోస్‌కు సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు దొరుకుతాయి. మీకు కావలసినవి నాలుగు: రిపోర్టు చెట్టును తెర మీద చూపే డీఎస్ఆర్‌డంప్, వెబ్ పేజీగా మార్చే డీఎస్ఆర్2హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే డీఎస్ఆర్2ఎక్స్‌ఎంఎల్, వెనక్కి తెచ్చే ఎక్స్‌ఎంఎల్2డీఎస్ఆర్. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ టైపు చేసేటప్పుడు ఇవన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండదు, 2 అంకెగానే రాయాలి. ఆదేశం పేరు, ఒక ఖాళీ, చదవాల్సిన ఫైలు పేరు, మరో ఖాళీ, రాయాల్సిన ఫైలు పేరు: వాడే పద్ధతి ఇంతే. ఫైలు పేరులో ఖాళీలుంటే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి.

డీసీఎం2ఎక్స్‌ఎంఎల్ అని ఇంకో ఆదేశం కూడా ఆ కట్టలోనే ఉంది, చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. అది డైకామ్ ట్యాగులను ఉన్నవి ఉన్నట్టు వరసగా ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తుందే తప్ప రిపోర్టు నిర్మాణాన్ని అర్థం చేసుకోదు. డీఎస్ఆర్2ఎక్స్‌ఎంఎల్ మాత్రం ఏది అంకె, ఏది కోడ్, ఏది దేని కింద ఉందో తెలుసుకుని రాస్తుంది. రెండూ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే కదా అని మొదటిదాన్ని ఎక్స్‌ఎంఎల్2డీఎస్ఆర్‌కు ఇస్తే అది తీసుకోదు.

ముందుగా ఏదైనా ఒక ఫైలును డీఎస్ఆర్‌డంప్‌తో చూడండి. తర్వాత అదే ఫైలును ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి పక్కపక్కన పెట్టుకోండి. ఒక స్కానింగ్ విడతకు సంబంధించిన డీఎల్‌పీ (మోతాదును స్కాన్ చేసిన పొడవుతో గుణించిన విలువ) కొలతను ఉదాహరణకు తీసుకుందాం. అది ‘నమ్’ అనే ట్యాగులో ఉంటుంది. దాని లోపల ‘కాన్సెప్ట్’ వస్తుంది. అందులో ‘వేల్యూ’ దగ్గర 113838, ఆ కోడ్ ఏ పట్టికలోదో చెప్పే ‘డీసీఎం’, మాటల్లో ‘డీఎల్‌పీ’ ఉంటాయి. కాన్సెప్ట్ ముగిశాక మళ్లీ ఒక ‘వేల్యూ’ వస్తుంది, అందులో 412.6 లాంటి అసలు అంకె ఉంటుంది. ఆ తర్వాత ‘యూనిట్’, అంటే మిల్లీగ్రే సెంటీమీటరు. ఒకే పేరుతో రెండు వేల్యూలు ఉన్నాయని గమనించారు కదా? ఫైలులో ‘వేల్యూ’ అన్న మాటను వెతికి పక్కనున్న అంకెను పట్టుకొచ్చే చిట్కా స్క్రిప్టు రాస్తే, పట్టికలో రోగికి లక్షా పదమూడు వేల చిల్లర డీఎల్‌పీ వచ్చి కూర్చుంటుంది. అందుకే అక్షరాలు వెతికే సాధనాలను పక్కనపెట్టి, ఎక్స్‌ఎంఎల్ నిర్మాణాన్ని చదవగల ఎక్స్‌ఎస్ఎల్‌టీప్రాక్ లాంటిదాన్ని వాడమంటాను. ‘కాన్సెప్ట్ కోడ్ 113838, పట్టిక డీసీఎం అయిన నమ్‌లోని నేరు వేల్యూ’ అని దానికి స్పష్టంగా చెప్పవచ్చు. మాటల రూపాన్ని నమ్ముకోవద్దు. యంత్రాన్నిబట్టి మాట మారవచ్చు, కోడ్ మారదు.

మోతాదు పట్టికలో ఇంతకంటే పెద్ద పొరపాటు కూడికలో జరుగుతుంది. ఒక సీటీ మోతాదు రిపోర్టులో పరీక్ష మొత్తానికి కలిపిన డీఎల్‌పీ 113813 కోడ్‌తో ఒకచోట ఉంటుంది, ఒక్కో విడత డీఎల్‌పీ 113838 కోడ్‌తో వేరువేరుగా ఉంటుంది. డీఎల్‌పీ అని కనిపించినవన్నీ కలిపితే రోగికి ఇచ్చిన మోతాదు కాగితం మీద రెట్టింపవుతుంది. మీ రేడియాలజిస్టుగారు మొత్తం అడిగితే 113813 ఒక్కటే తీసుకోండి, విడతలవారీగా అడిగితే సీటీడీఐ (యంత్రం ఇచ్చే మోతాదు తీవ్రతను చెప్పే కొలత) సగటు విలువకున్న 113830 కోడ్‌ను కూడా పక్కన చేర్చండి. స్కౌట్ చిత్రానికి, అంటే అసలు స్కాన్‌కు ముందు తీసే దారిచూపే బొమ్మకు, ఈ మోతాదు భాగం లేకపోవచ్చు. అలాంటి గడిని ఖాళీగానే ఉంచాలి, సున్నా వేయకూడదు. ఇంకొక నిలువు వరస తప్పకుండా పెట్టండి: ఆ విలువను 16 సెంటీమీటర్ల ఫాంటమ్ (మనిషి శరీరానికి బదులుగా కొలతలకు వాడే ప్లాస్టిక్ దిమ్మె) ఆధారంగా లెక్కించారా, 32 సెంటీమీటర్లదానితోనా? తలకు మొదటిది, ఒంటికి రెండోది వాడటం మామూలు. ఆ సంగతి రిపోర్టులోనే కోడ్‌గా రాసి ఉంటుంది. దాన్ని వదిలేసి తల స్కాన్లను, పొట్ట స్కాన్లను ఒకే సగటులో కలిపితే ఆ సగటుకు అర్థం ఉండదు.

ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మార్చే స్క్రిప్టు రాసేటప్పుడు అసలు ఫైళ్లున్న చోట ఏమీ రాయకండి, వేరే ఫోల్డర్‌లో రాయండి. ఏ ఫైలు మారింది, ఏది విఫలమైంది అన్నది లాగ్‌లో పడాలి. మూడు వందల ఫైళ్లు ఇచ్చి రెండు వందల తొంభై ఎనిమిది వరసలు వస్తే, ఆ రెండూ ఏవో తేలే వరకు పట్టిక ఇవ్వకండి. ఎక్స్‌ఎంఎల్‌లో రోగి పేరు, పుట్టిన తేదీ మామూలు వచనంగా ఉంటాయి, నోట్‌ప్యాడ్ ఉన్న ఎవరైనా చదవగలరు. ఏదో సందేహం వచ్చిందని ఆ ఫైలును వాట్సాప్‌లో యంత్రం సర్వీసు మనిషికి పంపడం మానండి. పట్టికకు పరీక్ష నంబరు చాలు, పేరు అక్కర్లేదు.

ఇక వెనక్కి తేవడం. పట్టిక కోసమైతే మీకు ఆ అవసరమే లేదు. అయినా అడిగారు కాబట్టి, ఏం పోతుందో తెలుసుకోవడానికి ఒకసారి చేసి చూడటం మంచిదే. డీఎస్ఆర్2ఎక్స్‌ఎంఎల్ రాసిన ఫైలును ఏమీ ముట్టుకోకుండా ఎక్స్‌ఎంఎల్2డీఎస్ఆర్‌కు ఇవ్వండి. మొదటి ఫైలునూ, తిరిగొచ్చిన ఫైలునూ అదే కట్టలోని డీసీఎండంప్‌తో వచనంగా మార్చి, రెండు వచన ఫైళ్ల తేడాలు చూపే డిఫ్‌తో పోల్చండి. యంత్రం తయారీదారు తన సొంతానికి చేర్చుకున్న ప్రైవేటు ట్యాగులు వెనక్కి రావు. రిపోర్టు నిర్మాణానికి చెందనివి ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్లవు కాబట్టి తిరిగి రావడానికి ఏమీ ఉండదు. కొలతలు, కోడ్‌లు, సంబంధాలు మాత్రం వెళ్లినవి వెళ్లినట్టే తిరిగి రావాలి. వాటిలో ఒక్కటి మారినా ఆ దారి వదిలేయండి. ఎక్స్‌ఎంఎల్ అమరికను మార్చే టెంప్లేట్ ఎన్వలప్ లాంటి ఆప్షన్ ఇచ్చి ఎక్స్‌ఎంఎల్ రాయించి ఉంటే, వెనక్కి తెచ్చేటప్పుడు కూడా అదే ఇవ్వాలి. కట్టతోపాటు వచ్చే డీఎస్ఆర్2ఎక్స్‌ఎంఎల్ స్కీమా ఫైలుతో (ఎక్స్‌ఎంఎల్ ఎలా ఉండాలో చెప్పే నియమాల ఫైలు) ముందే సరిచూసుకునే వీలు కూడా ఉంది.

ఎక్స్‌ఎంఎల్‌లో ఏదైనా మార్చి వెనక్కి తెస్తే మాత్రం అది కొత్త పత్రం. దానికి కొత్త యూఐడీ, అంటే ఆ ఒక్క పత్రానికే చెందే గుర్తింపు సంఖ్య, ఉండాలి. ఎక్స్‌ఎంఎల్2డీఎస్ఆర్‌లో కొత్త యూఐడీలు పుట్టించే ఆప్షన్ ఉంది. పాత యూఐడీతోనే మార్చిన రిపోర్టు పంపితే, ప్యాక్స్ దాన్ని పాతదాని కాపీ అనుకుని పక్కన పడేయవచ్చు, లేదా చడీచప్పుడు లేకుండా పాతదాని స్థానంలో పెట్టవచ్చు. రెండూ ప్రమాదమే. డాక్టరుగారు ధ్రువీకరించిన రిపోర్టులో ‘వెరిఫైడ్’ అన్న గుర్తు, ధ్రువీకరించినవారి పేరు, సమయం ఉంటాయి. మీరు ఎడిటర్‌లో ఒక దశాంశ బిందువు జరిపినా ఆ గుర్తు అలాగే మిగిలిపోతుంది. అంటే వారు చూడని అంకె కింద వారి సంతకం ఉన్నట్టే. అలాంటి దిద్దుబాటు కావాలంటే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి కొత్త రిపోర్టు రాయించాలి, కమాండ్ లైన్ దగ్గర తేల్చే పని కాదది.

ప్రశ్న: మా రోగుల్లో సగం మంది నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వస్తారు. పేర్లు తెలుగులో కూడా ఉంటే బాగుంటుందని నమోదు దగ్గర తెలుగులో టైపు చేయించాం. రిపోర్టును మార్చాక కొన్నింటిలో ప్రశ్నార్థకాలు, కొన్నింటిలో పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: ఆ రెండూ ఒకే జబ్బు లక్షణాలు కావు. పిచ్చి గుర్తులను ఒకసారి పరీక్షగా చూడండి. తల మీద గీత ఉన్న ‘ఎ’ లాంటి లాటిన్ అక్షరం, పక్కన చిన్న సున్నాలాంటి డిగ్రీ గుర్తు మాటిమాటికీ వస్తున్నాయా? అయితే మీ పేరు భద్రంగానే ఉంది. అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, ఆ బైట్లను చదివే ప్రోగ్రాము లాటిన్ అక్షరాలుగా పొరబడుతోంది, అంతే. ప్రశ్నార్థకాలైతే ఎవరో తెలుగును లాటిన్‌లోకి బలవంతంగా మార్చి, కుదరక ప్రతి అక్షరానికీ బదులు ఒక ప్రశ్నార్థకాన్ని ఫైలులో రాసేశారని అర్థం. అది ఇక తిరిగి రాదు, నమోదు పుస్తకం చూసి మళ్లీ టైపు చేయాల్సిందే. మా అమ్మ స్కాన్ రిపోర్టు ఒకటి నా దగ్గర అలాగే ఉంది, పేరున్న చోట తొమ్మిది ప్రశ్నార్థకాలతో. ఆ సెంటర్‌వాళ్లు ‘ప్రింటర్ ప్రాబ్లమ్’ అన్నారు, ప్రింటరుకు ఈ పాపం ఏమీ తెలియదు.

డైకామ్ ఫైలులో ఏ లిపి వాడారో చెప్పే ట్యాగు ఒకటి ఉంటుంది, దాని సంఖ్య 0008,0005. తెలుగు ఉంటే అందులో ‘ఐఎస్ఓ_ఐఆర్ 192’ అని, అంటే యూటీఎఫ్-8 అని ఉండాలి. అక్కడ ఏమీ లేకుండా లోపల ఇంగ్లిష్‌కాని అక్షరాలుంటే డీఎస్ఆర్2ఎక్స్‌ఎంఎల్ మామూలుగా మార్చడానికి నిరాకరిస్తుంది. ‘ఫలానా లిపి అనుకో’ అని చెప్పే ఆప్షన్ ఉంది గానీ, ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పుడే దాన్ని వాడండి.

పొడవు సంగతి కూడా చెప్పాలి. డైకామ్‌లో పేరుకు 64 అక్షరాల పరిమితి ఉంది. ‘వెంకటేశ్వర్లు’ మన కంటికి అయిదు అక్షరాలు. కంప్యూటరుకు గుణింతాలు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కకొచ్చి పదమూడు సంకేతాలు, బైట్లలో చూస్తే ముప్ఫై తొమ్మిది. పరిమితి సంకేతాలకే అయినా, బైట్లకు అనుకుని రాసిన పాత సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు, పేరు కలిపితే మధ్యలో తెగ్గోస్తుంది. పైగా డైకామ్ పేరును ఇంటిపేరు, సొంత పేరు అని విడగొట్టి అడుగుతుంది. చెన్నైలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా రాసే తమిళ పద్ధతి, ఇంటిపేరు రాసే మన పద్ధతి ఒకే కౌంటరు దగ్గర కలుస్తాయి. నమోదు చేసే అమ్మాయి ‘పి’ని ఏ గడిలో పెట్టిందన్నదాన్నిబట్టి ఒకే మనిషి ఇద్దరవుతారు. నన్నడిగితే రోగులను కలపడం పేరుతో కాకుండా పేషంట్ ఐడీతో చేయండి, తెలుగు పేరును ప్రింటు మీద అందంగా కనిపించడానికి మాత్రం ఉంచుకోండి.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకు, రిపోర్టును పీడీఎఫ్ చేసి రోగి ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య) ఖాతాకు పంపితే సరిపోదా? డీసీఎం2పీడీఎఫ్ అనే ఆదేశం ఉంది కదా?
– ఒక పాఠకుడు, మాధవరం, చెన్నై

జవాబు: డీసీఎం2పీడీఎఫ్ పని వేరు. డైకామ్ కవరులో ఎవరైనా ముందే పెట్టిన పీడీఎఫ్‌ను అది బయటికి తీస్తుంది. స్ట్రక్చర్డ్ రిపోర్టు ఇస్తే అందులో పీడీఎఫ్ లేదు కాబట్టి తీయలేదు. చదువుకోవడానికి పీడీఎఫ్ కావాలంటే డీఎస్ఆర్2హెచ్‌టీఎంఎల్‌తో వెబ్ పేజీ చేసి, బ్రౌజర్‌లోనే పీడీఎఫ్‌గా ప్రింటు చేసుకోవచ్చు.

ఆభా వెనకనున్న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాడేది ఆరోగ్య సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి ఉన్న ఫైర్ అనే ప్రమాణం, దాని ఆర్4 రూపం. అందులో ‘డయాగ్నొస్టిక్ రిపోర్టు’ అనే వనరుకు పీడీఎఫ్‌ను జతచేయవచ్చు, కొలతలను ‘అబ్జర్వేషన్’లుగా విడివిడిగా కూడా ఇవ్వవచ్చు. పీడీఎఫ్ ఒక్కటే పంపితే రోగి చదువుకుంటాడు, కానీ వచ్చే ఏడాది మరో ఆస్పత్రి కంప్యూటరు అందులోని పిండం తల చుట్టుకొలతనో, కణితి పరిమాణాన్నో పాతదానితో పోల్చలేదు. డీసీఎంటీకేలో ఫైర్‌గా మార్చే ఆదేశం లేదు. డీసీఎం2జేసన్ ఉంది గానీ అది రాసేది డైకామ్ పద్ధతి జేసన్ (ఎక్స్‌ఎంఎల్ లాంటిదే మరో వచన రూపం). ఫైర్ కూడా జేసన్‌లోనే ఉంటుంది కదా అని దాన్నే పంపితే అవతలివైపు తిప్పికొడతారు. ఏ డైకామ్ కోడ్ ఏ అబ్జర్వేషన్ అవుతుందో చెప్పే పట్టికను మీ రేడియాలజిస్టు, ప్రోగ్రామరు కలిసి కూర్చుని రాసుకోవాలి. ప్రమాణం, అంటే మిల్లీమీటరా సెంటీమీటరా అన్నది, ఆ పట్టికలో ప్రతి వరసకూ తప్పక ఉండాలి.