కువైట్‌లో ఉన్న చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నీ కొడుక్కి జలుబు తగ్గింది, నిన్నటి నుంచి బడికి వెళ్తున్నాడు. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, వాడికి ముందు పన్ను ఊడింది. వీడియో కాల్‌లో నవ్వమను, తెలుస్తుంది.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. శుక్రవారం కూడికలో ఎవరో అరబ్బీ సువార్త కరపత్రాలు ఇచ్చారనీ, ఇంట్లో మీ యజమానురాలు మామాకి, వాళ్ళ ఆడపిల్లలకి ఇద్దామనుకుంటున్నాననీ అన్నావు. ఇవ్వకు. ముందు లేచి ఆ కాగితాలు ఆ ఇంట్లోంచి తీసేసి రా, తర్వాత మిగతా ఉత్తరం చదువు.

అక్కడ ఇళ్ళల్లో పదిహేడేళ్ళు చేసొచ్చాను, ఈ తప్పు కూడా చేసొచ్చాను. వెళ్ళిన రెండో ఏడు, ఆ ఇంటి పెద్దమ్మాయి పుస్తకాల మధ్య ఒక కరపత్రం పెట్టాను. మామా చూసింది. అరవలేదు. నా సంచి సర్దించి, కారెక్కించి, ఏజెంటు ఆఫీసులో కూర్చోబెట్టి వెళ్ళిపోయింది. పొద్దుగూకేదాకా ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచి కదల్లేదు, మంచినీళ్ళు అడగడానికి కూడా నోరు రాలేదు. ఇంటి యజమాని బాబా వాళ్ళమ్మ, ఆ ముసలావిడ, "అది లేకపోతే నా కాళ్ళు నొక్కేదెవరు" అని గొడవ పెట్టుకుందట. అందుకని వెనక్కి తెచ్చారు గానీ నా ప్రార్థన గొప్పతనమేం కాదు. అక్కడ మనం చర్చికి వెళ్ళడానికి అడ్డు లేదు. ముస్లింలలో మన మతం ప్రచారం చెయ్యడాన్ని మాత్రం చట్టం ఒప్పుకోదు. వాళ్ళ ప్రవక్త మీద ఒక్క మాట తూలినా కేసే.

"మరి మిషనరీలు భయపడ్డారా?" అని అడిగావు. మన నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేసిన బౌడెన్, బీర్ దొరలు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక, అక్కడ చేరిన కూలీల మధ్యకెళ్ళి వాక్యం చెప్పారు. నిజమే, గొప్ప పనే. కానీ అప్పుడు రాజ్యం ఎవరిది? వాళ్ళ వాళ్ళదే కదా. సండే స్కూల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా మనల్ని మనం ఆ దొర పక్కన నిలబెట్టుకుంటాం. కువైట్‌లో నువ్వు దొరవి కాదమ్మా, ఆ ఆనకట్ట మీద తట్ట మోసే కూలీవి. కూలీ వాక్యం చెప్పే పద్ధతి వేరు.

నేను ఏం చేశానో చెప్తాను. ఆ ఇంట్లో మగవాళ్ళు ఐదుగురు. వారానికి ముప్పైకి పైగా తెల్ల దిష్‌దాషాలు (వాళ్ళ పొడుగు చొక్కాలు) ఇస్త్రీకి వచ్చేవి. కాలరు దగ్గర చిన్న మడత పడినా బాబా తిరిగి పంపేవాడు. ఎవరి బట్ట పెట్టె కింద ఉంటే వాళ్ళ పేరు మనసులో అనుకుని ప్రార్థన చేసేదాన్ని. నోరు పలికేది కాదు, చెయ్యి ఆగేది కాదు. ఇంట్లో అందరికంటే ఎక్కువగా విసుక్కునే చిన్నవాడి చొక్కాలకైతే కాస్త పెద్ద ప్రార్థనే పట్టేది!

మొదటిసారి సెలవుకి వచ్చి వెళ్ళేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాను. క్రిస్మస్ రోజు ముసలావిడకి పళ్ళెంలో పెట్టిస్తే, వేలితో తట్టి చూసి "మళ్ళీ కాగితమేనా?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. తిన్నాక "ఏం పండగ?" అని అడిగింది. వచ్చీరాని అరబ్బీలో యేసు పుట్టిన రోజన్నాను. వాళ్ళ ఖురాన్‌లో మరియమ్మ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. నొప్పులు పడుతూ ఖర్జూరం చెట్టు మొదట్లో కూర్చుందని ఆవిడ చెప్పింది. మా దాంట్లో పశువుల తొట్టి ఉంటుందని నేను చెప్పాను. ఎవరిది నిజమని ఆవిడ అడగలేదు, నేనూ లాగలేదు. ఆవిడ ముస్లింగానే పోయింది. కానీ ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కి తనే డ్రైవర్‌ని పిలిచి, దీన్ని చర్చి దగ్గర దింపి రా అనేది.

వారానికో రోజు సెలవు అడగడానికి మొహమాటపడకు. ఇంటిపనివాళ్ళకి అది ఇవ్వాలని 2015లో చట్టం చేశారు, నేను వెళ్ళేనాటికి అదీ లేదు. కూడికకి వెళ్ళు, పాటలు పాడుకో, మన భాష వినబడితే సగం బెంగ తీరుతుంది. అక్కడ చిట్టీలు మాత్రం వెయ్యకు. స్తోత్రం చెప్పిన నోటితోనే ఎగ్గొట్టినవాళ్ళని చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. మామా ఆత్మ గురించి అంత టెన్షన్ పడుతున్నావు, మరి నీ కొడుక్కి ప్రార్థన నేర్పేదెవరు? మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మీ ఆయన ఇల్లు చేరేది చీకటిపడ్డాకే. నిడో పాలపొడి డబ్బాలూ టాంగ్ షర్బత్ పొడీ పంపితే అమ్మ పంపిందంటాడు గానీ, అమ్మ ఉందనిపించదు.

నా రోజుల్లో వాట్సాప్ లేదు. క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చేదాన్ని. ఇరవై మూడో కీర్తన నెలకో రెండు వాక్యాల చొప్పున చదివి పంపాను. మూడేళ్ళ పిల్లని వదిలి వెళ్ళి రెండేళ్ళకి వచ్చాను. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి చేతులు చాపితే పిల్ల మా అమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. రెండు రోజులు దగ్గరికి రాలేదు. మూడో రాత్రి దీపం ఆర్పేశాక, పక్క చాప మీద పడుకుని ఊరికే ఆ కీర్తన మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గర చీకట్లోంచి గొంతు కలిసింది. క్యాసెట్ సాగిపోయిన చోట గొంతు ఎలా బొంగురు పోయేదో, అక్కడ అదీ అలాగే బొంగురుగా పలికింది.

నీకు ఇంకా సులువు. ఇక్కడ వాడు పడుకునే ఎనిమిదిన్నరకి నీకు సాయంత్రం ఆరు, వంటింట్లో ఊపిరాడదు. కాబట్టి రాత్రి పనయ్యాక రెండు నిమిషాలు రికార్డు చేసి పంపు. పొద్దున ఏడింటికి మీ అమ్మ వాడికి తల దువ్వుతూ వినిపిస్తుంది. ఒక వాక్యం, ఒక చిన్న ప్రార్థన, తర్వాత నువ్వు ఆ రోజు ఏం తిన్నావో చెప్పు. వాడికి ఆఖరిదే ఎక్కువ కావాలి. మీ ఆయనకి డబ్బు లెక్కలు లేని ఫోను వారానికి ఒకటైనా చెయ్యి.

పక్క వీధి మేరీ అత్త ఇరవయ్యో తారీఖున వస్తోంది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకి రెండు చుట్లు టేపు వేసి పంపిస్తున్నాను. పోయినసారి నూనె కారి ఆవిడ చీరలు పాడయ్యాయి, ఇంకా దెప్పుతూనే ఉంది. పూతరేకులు పైన విడిగా పెట్టమన్నాను, విరిగినా పర్లేదు.

నీ పెద్దమ్మ