సోలార్ సెల్ మీద ఏ పొర, ఎంత మందం?

సిలికాన్ సోలార్ సెల్ మీద ఏ నానో పొర ఎంత మందం వేస్తే సామర్థ్యం పెరుగుతుందని అడిగారు. మందం సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. కాంతి వెనక్కి పోకుండా ఆపే సిలికాన్ నైట్రైడ్ ముందువైపు 75 నానోమీటర్లు, ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు వృథా కాకుండా దాన్ని శాంతపరిచే అల్యూమినియం ఆక్సైడ్ 5 నుంచి 10. కానీ తిప్పలన్నీ మందంలో కాదు, పొరకీ సిలికాన్‌కీ మధ్య సరిహద్దులో ఉంటాయి.

అల్యూమినియం ఆక్సైడ్‌నే తీసుకోండి. ఆర్‌సీఏ క్లీనింగ్ (రసాయనాలతో మురికి కడిగే పద్ధతి) అయ్యాక వేఫర్‌ని, అంటే పల్చటి సిలికాన్ బిళ్లని, 1 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌లో ఒక నిమిషం ముంచాలి. బీకర్ ప్లాస్టిక్‌దే ఉండాలి, గాజుని ఆ ఆసిడ్ తినేస్తుంది. ఆసిడ్ ఒంటిమీద పడితే రాసుకునే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దూరంలో లేకపోతే సీసా మూత కూడా తీయకండి. వేఫర్ పైకి తీస్తే నీళ్లు తామరాకు మీద బొట్లలా జారిపోవాలి. ఎక్కడైనా తడి అంటుకుందంటే అక్కడ ఆక్సైడ్ మిగిలినట్టే, మళ్లీ ముంచండి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా పొర వేసే చాంబర్‌లో పెట్టేయాలి.

ఏఎల్‌డీలో (రెండు ఆవిర్లని ఒకదాని తర్వాత ఒకటి పంపి పొరని కొద్దికొద్దిగా పెంచే పద్ధతి) టీఎంఏ (ట్రైమిథైల్ అల్యూమినియం), నీటి ఆవిరి, 200 డిగ్రీలు. ఒక్కో సైకిల్‌కి సుమారు 0.1 నానోమీటర్ పెరుగుతుంది కాబట్టి 100 సైకిళ్లు చాలు. గ్యాస్ వచ్చే వైపు పొర దళసరిగా పడుతోందంటే పర్జ్ టైమ్ (మిగిలిన ఆవిరిని ఊడ్చేసే సమయం) చాలడం లేదని అర్థం: రెండు ఆవిర్లూ గాల్లోనే కలిసిపోతున్నాయి. పర్జ్ పెంచండి, టెంపరేచర్‌తో ఆడకండి.

పొర పడగానే లైఫ్‌టైమ్ (కాంతికి విడుదలైన ఎలక్ట్రాన్లు వృథా అయ్యేలోపు నిలిచే కాలం) కొలిచి నీరసపడిపోయేవాళ్లు చాలామంది. ఎనీలింగ్ (వేడిలో కాసేపు ఉంచడం) కానిదే ఈ పొర పని చేయదు. నైట్రోజన్‌లో 400–425 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచితే, పొరలోని హైడ్రోజన్ సరిహద్దుకి చేరి తెగిన బంధాలను మూస్తుంది, రుణావేశం కూడా స్థిరపడుతుంది. ఆ ఆవేశం పీ-టైప్ (ధనావేశ రంధ్రాలు ఎక్కువున్న) ఉపరితలానికి మేలు. బలంగా డోప్ చేసిన (మలినాలు బాగా కలిపిన) ఎన్-టైప్, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కువున్న, ముఖం మీద దీన్ని వేసి ఫలితం రాలేదంటే తప్పు పొరది కాదు. మందం 20 నానోమీటర్లు దాటించి 800 డిగ్రీల ఫైరింగ్‌కి (లోహపు గీతలు అతికించే కొలిమికి) పంపితే హైడ్రోజన్ బయటికి తన్నుకొచ్చి బొబ్బలు లేస్తాయి.

పరావర్తనం గ్రాఫ్ ఒక్కటి వేసి "సామర్థ్యం పెరుగుతుంది" అని తేల్చేసే పేపర్లంటే నాకు ఒళ్లుమంట. వేఫర్‌కి రెండువైపులా పొర వేసి లైఫ్‌టైమ్ చూపించాలి. 180 మైక్రాన్ల వేఫర్‌లో 1 మిల్లీసెకను వచ్చిందంటే, ఉపరితల పునఃసంయోగ వేగం (ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు ఎంత జోరుగా వృథా అవుతున్నాయో చెప్పే అంకె) మహా అయితే సెకనుకు 9 సెంటీమీటర్లు. ఆ అంకె ఉంటేనే మిగతా మాటలు.

ఇక నైట్రైడ్. నునుపు వేఫర్ మీద సరిచూసుకున్న పొర వేసే టైమునే టెక్స్చర్ వేఫర్‌కి (ఉపరితలం మీద చిన్న పిరమిడ్లు చెక్కినదానికి) వాడేస్తుంటారు. పిరమిడ్ల వాలు వల్ల అక్కడ ఉపరితలం 1.7 రెట్లు, కాబట్టి పొర పలచబడి నీలం బదులు ఊదారంగు వస్తుంది. టైముని 1.7తో హెచ్చవేసి మొదలుపెట్టండి, ఆపైన రంగు చూసి సర్దుకోవచ్చు.