అన్నంలో మాత్ర కలపమంటున్నారు

పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యుల సమాధానాలు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, పలాసకు దగ్గరలోని ఒక గ్రామం. మా అమ్మ వయస్సు 49 సంవత్సరాలు. చాలా ఏళ్లు జీడిపప్పు పరిశ్రమలో పనిచేసింది. గత దసరా తరువాత ఆమెలో మార్పు మొదలైంది. రాత్రిళ్లు నిద్రపోదు. మా వదిన తన కూట్లో ఏదో కలుపుతోందని, తనకు చిల్లంగి పెట్టించిందని అంటుంది. గోడ అవతల ఎవరూ లేకపోయినా తన గురించే చెప్పుకుంటున్నారని, ఆ మాటలు తనకు వినిపిస్తున్నాయని చెబుతుంది. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుంది, పనికి వెళ్లడం మానేసింది. నేను కలిపి పెట్టిన ముద్ద మాత్రం తింటుంది. వదిన భరించలేక పుట్టింటికి వెళ్లిపోయింది. నాన్న ఇద్దరు భూతవైద్యుల దగ్గరకు తీసుకువెళ్లారు, గుణం కనిపించలేదు. ఆసుపత్రి మాట ఎత్తితే "నాకేటి పిచ్చా?" అని అమ్మ కేకలు వేస్తుంది. తెలిసిన ఒక మందుల దుకాణం ఆయన, రోజూ ఒక మాత్రను పొడి చేసి చారు అన్నంలో కలిపి పెట్టమన్నారు. నాన్న, అన్నయ్య సరేనంటున్నారు. కలపవలసింది నేను. కలపమంటారా? నాకు సంబంధాలు చూస్తున్నారు. ఈ జబ్బు రేపు నాకు కూడా వస్తుందా?
ఒక పాఠకురాలు, పలాస మండలం

సమాధానం: కలపవద్దు. మీ అమ్మగారి భయమంతా తిండి చుట్టూ తిరుగుతోంది. ఇంట్లో అందరినీ అనుమానిస్తున్న ఆమె ఇప్పటికీ మీ చేతి ముద్దను మాత్రం నమ్మి తింటున్నారు. అందులో మాత్ర పొడి కలిసిందన్న సంగతి చేదు వల్లనో, గిన్నె అడుగున మిగిలిన తెల్లని మడ్డి వల్లనో, ఇంట్లో ఎవరో నోరు జారడం వల్లనో ఏదో ఒక రోజు ఆమెకు తెలియక మానదు. అంతవరకు జబ్బు పుట్టించిన అనుమానానికి ఆ రోజు నిజమైన సాక్ష్యం దొరుకుతుంది. ఆ తరువాత ఆమె వైద్యుడిచ్చిన మందును ముట్టరు, మీ చేతి అన్నాన్ని కూడా ముట్టరు. ఈ జబ్బుకు నెలలు, తరచు సంవత్సరాలు మందులు వాడవలసి ఉంటుంది కనుక, ఆమెకు తెలియకుండా అంతకాలం నడిపే వైద్యమేదీ లేదు.

ఆ దుకాణం ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు కాని, ఇలాంటి మానసిక జబ్బుకు వాడే మందులు వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడనివి. వీటిలో కొన్నింటివల్ల మెడ, దవడ బిగుసుకుపోతాయి, నాలుక మెలిపడుతుంది, చేతులు వణుకుతాయి, ఒకచోట కుదురుగా కూర్చోలేని అలజడి కలుగుతుంది. మరికొన్నింటివల్ల బరువు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. తాను మందు వేసుకుంటున్నానని తెలిసిన మనిషి ఈ బాధలను వైద్యుడితో చెప్పుకోగలదు, వైద్యుడు మోతాదునో మందునో మార్చగలడు. తెలియని మనిషికి మాత్రం అదంతా తనపై జరిగిన చిల్లంగి ఫలితంగానే కనిపిస్తుంది.

పేరు తెలియని మాత్రను మీ ప్రాంతంలో కలపడం మరింత ప్రమాదకరం. కవిటి, సోంపేట నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎంత ఎక్కువో మీకు నేను చెప్పనవసరం లేదు. అది చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ముదిరి, రక్తంలో మలినాలు పేరుకున్నప్పుడు నిద్ర చెడగొట్టడం, మాట తడబడేలా చేయడం, మనిషిని అయోమయంలో పడేయడం కద్దు. అందువల్ల మీ అమ్మగారికి క్రియాటినిన్ పరీక్ష రెండు విధాల అవసరం: ఈ మార్పుకు కారణం మూత్రపిండాలలో ఉందేమో తెలియాలి, లేదని తేలినా ఏ మందును ఎంత ఇవ్వాలో నిర్ణయించడానికి ఆ అంకె కావాలి. దానితోపాటు థైరాయిడ్, బి12 విటమిన్, సోడియం, చక్కెర, హిమోగ్లోబిన్ చూడాలి. ఒంటి నొప్పులకు ఆమె ఏళ్ల తరబడి వాడిన మాత్రలు, నాటు మందులు ఏవైనా ఉంటే వాటి పేర్లు కూడా రాసిపెట్టుకోండి.

ఉత్తరం చూసి జబ్బుకు పేరు పెట్టడం సరికాదు. అయినా నెలల తరబడి సాగుతున్న అనుమానం, లేని మాటలు వినిపించడం, ఇంటినుంచి పనినుంచి తప్పుకోవడం కలిసి వచ్చినప్పుడు, మేము సైకోసిస్ అనే తీవ్రమైన మానసిక వ్యాధిని అనుమానిస్తాం. స్కిజోఫ్రేనియా వంటి జబ్బులు యౌవనంలోనే మొదలవుతాయని చాలామంది అనుకుంటారు. స్త్రీలలో ముట్లుడిగే వయస్సు దగ్గర, అంటే 45 నుంచి 50 ఏళ్ల ప్రాంతంలో, ఇవి మొదలయ్యే అవకాశం మరొకసారి పెరుగుతుంది. ఇదంతా ఆమె కావాలని చేస్తున్నది కాదు, మీ వదినపై ద్వేషం కూడా కాదు. అలా కాకుండా, ఇలాంటి మార్పు రెండు మూడు రోజుల్లోనే వచ్చి, పూట పూటకు తగ్గుతూ పెరుగుతూ, మనుషులను పోల్చుకోలేని స్థితి కనిపిస్తే అది శరీరంలోని జబ్బు మెదడుపై చూపే ప్రభావం. అటువంటప్పుడు మానసిక వైద్యుడి కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక ఆమెను ఒప్పించడం ఎలాగన్నది. "నీకు మతి చలించింది, రా" అంటే ఎవరూ లేచి రారు. తనకు జబ్బు ఉందన్న ఎరుక లేకపోవడం ఈ జబ్బులో ఒక భాగం కాబట్టి, ఆ సంగతి ఒప్పుకున్న తరువాతనే వైద్యం మొదలుపెడదామనుకుంటే కాలం గడిచిపోతుంది. ఆమె ఒప్పుకోగలిగిన బాధ ఒకటుంది: నిద్ర లేదు. "అదంతా నీ భ్రమ" అని వాదించవద్దు, "అవును, వదినే కలిపింది" అని వంత పాడవద్దు. "నాకు ఆ మాటలు వినబడటం లేదమ్మా. నీకు వినబడుతున్నాయని, దానితో నువ్వు కునుకు తీయడం లేదని మాత్రం చూస్తున్నాను. ఇన్నాళ్లు నిద్ర లేకపోతే ఒళ్లు ఏమైపోతుంది? నిద్రకు మందు అడుగుదాం, రక్తం కూడా చూపిద్దాం" అనండి. ఇది కూడా మభ్యపెట్టడమే కదా అని మీకు అనిపించవచ్చు. నా ఉద్దేశంలో కాదు. ఆమెకు నిద్ర లేదన్నది నిజం, వైద్యుడు మొదట అడిగేది కూడా అదే. కాని గుడికని చెప్పి బయలుదేరదీసి ఆసుపత్రి గేటు ముందు దించడం మాత్రం మోసమే, రెండోసారి ఆమె బండి ఎక్కరు.

ఈ మాట మీరొక్కరే చెప్పనక్కరలేదు. ఇంట్లో భర్త, కొడుకు చెప్పినదానికంటే తోడబుట్టినవాడి మాటకు మన ఆడవాళ్లు విలువ ఇచ్చే సందర్భాలను నేను ఎన్నో చూశాను. మీ మేనమామ గారు ఉంటే, ఆయనపై మీ అమ్మగారికి అనుమానం లేకపోతే, ఆయనను పిలిపించి నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకోండి. మీ ఊరి ఆశా కార్యకర్త రక్తపోటు చూసే నెపంతో వచ్చినా మేలే.

మీ వదిన గారిని ఇప్పుడే తిరిగి రమ్మని పట్టుబట్టకండి. ఆమె వెళ్లిపోవడం తప్పు కాదు. మీ అమ్మగారి పొయ్యిని ఆర్పించవద్దు, తన కంటి ఎదుట తాను వండుకున్నది తినడం వల్ల ఆమె ఒంటికి కావలసినది అందుతోంది. మీరు పెట్టేటప్పుడు అదే గిన్నెలోంచి ముందు మీరొక ముద్ద తినండి.

మీ నాన్నగారి విషయంలో ఒక మాట చెప్పాలి. ఆయన భూతవైద్యుల దగ్గరకు తిప్పారని చదువుకున్న పిల్లలు తప్పుపట్టడం తేలిక. భార్యకు ఏదో జరిగిందని గుర్తించి, చేతిలోని డబ్బు ఖర్చుపెట్టి, ఆయన ఎరిగిన దారిలో ఆయన ప్రయత్నించారు. రక్షరేకు కట్టించినా, అమ్మవారికి మొక్కుకున్నా వైద్యానికి అడ్డు లేదని ఆయనతో చెప్పండి. అడ్డు వచ్చేవి ఏమిటో కూడా నిక్కచ్చిగా చెప్పండి: కొట్టడం, మిరపకాయల పొగ పట్టడం, రోజుల తరబడి పస్తు ఉంచడం, కట్టివేయడం, మందు మాన్పించడం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమంలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఎక్కడికి వెళ్లాలన్నదానికి మీకు దగ్గరి దారి శ్రీకాకుళంలో జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. రైలులో వస్తే ఆమదాలవలసలో దిగాలి. చేర్చుకుని చూడవలసిన అవసరం వస్తే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మొదటిసారి మీరూ మీ అన్నయ్యా ఆమె లేకుండా వెళ్లి వైద్యుడితో మాట్లాడినా నష్టం లేదు. రోగిని చూడకుండా వైద్యుడు మందు రాయడు కాని, ఆమె వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో ఆయనకు ముందే తెలుస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఎంత నిద్ర, ఏమి తింటున్నారు, ఏ మాటలు అంటున్నారు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇటువంటిది ఉందా అన్నవి ఒక పేజీలో రాసి ఆయనకు ఇవ్వండి. ఆమె ఎదుట ఇవన్నీ ఏకరువు పెట్టి అవమానించనక్కరలేదు. ఈలోగా సలహా కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆమె అన్నపానాలు పూర్తిగా మానేసినా, చనిపోతానన్నా, చావమని మాటలు వినిపిస్తున్నాయన్నా, ఎవరిమీదికైనా కత్తి ఎత్తినా ఇక ఒప్పించే పని పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి. తోటకు వాడే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే అంతదాకా ఆగకుండా ఈ రోజే వేరే చోటికి తరలించండి. ఇటువంటి స్థితిలో ఆమె అంగీకారం లేకపోయినా ఆసుపత్రిలో చేర్చుకునే వీలును ఆ 2017 చట్టంలోని 89వ సెక్షను కల్పించింది. ఆమె తరఫున నామినేటెడ్ ప్రతినిధి, అంటే వైద్య నిర్ణయాల్లో ఆమెకు తోడ్పడే వ్యక్తి, దరఖాస్తు చేయాలి. ఒక మానసిక వైద్యుడు, మరొక వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు వేర్వేరుగా పరీక్షించి అవసరమని చెప్పాలి. ఆ గడువు 30 రోజులకు మించదు. స్త్రీని అలా చేర్చుకుంటే 3 రోజుల్లోగా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఆసుపత్రి తెలియజేయాలి, ఆమె స్వయంగా ఆ బోర్డుకు మొర పెట్టుకోవచ్చు. ఈ నిబంధనలు మీకు అడ్డంకులుగా అనిపించవచ్చు కాని, బాగైన తరువాత "నన్ను అన్యాయంగా బంధించారు" అని ఆమె అనకుండా కాపాడేవి ఇవే.

మందు మొదలుపెట్టాక నిద్ర కొద్ది రోజుల్లో కుదుటపడుతుంది. అనుమానం, మాటలు వినిపించడం తగ్గడానికి వారాలు పడుతుంది. తగ్గగానే ఆపకూడదు, మొదటిసారి వచ్చిన జబ్బుకు కూడా సాధారణంగా కనీసం ఒకటి రెండేళ్లు వాడమంటాం.

మీకు వస్తుందా అన్న ప్రశ్నకు: స్కిజోఫ్రేనియా మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది, తల్లికో తండ్రికో ఉన్నవారిలో నూటికి సుమారు పదిమందికి వస్తుంది. అంటే తొంభైమందికి రాదు. సంబంధం వచ్చినవారికి అమ్మకు వైద్యం జరుగుతోందని చెప్పి చేసుకోవడమే నా సలహా. దాచి చేసిన పెళ్లిలో అమ్మ మందుల చీటీని కూడా దాచవలసి వస్తుంది.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, గజపతినగరం వైపు. మా నాన్నకు 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం వారం పాటు నిద్ర లేకుండా తిరిగి, ఊరంతా అప్పులు చేసి, ఎకరం పొలాన్ని సగం ధరకు బేరం పెట్టారు. బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) అని చెప్పి లిథియం మాత్రలు ఇచ్చారు. ఇప్పుడు పూర్తిగా బాగున్నారు, అందుకని మానేస్తానంటున్నారు. మళ్లీ వస్తే మేమేం చేయాలి?
ఒక పాఠకుడు

సమాధానం: బాగున్నది మందు వల్లనే కావచ్చన్న సంగతిని ఆయనతో వైద్యుడి ఎదుట మాట్లాడించండి. లిథియంను ఒక్కసారిగా మానితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. వాడుతున్నంత కాలం రక్తంలో దాని మోతాదును, క్రియాటినిన్‌ను, థైరాయిడ్‌ను వైద్యుడు చెప్పిన గడువుల్లో చూపించాలి. మోతాదు పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తరువాత రక్తం ఇవ్వాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఎండల్లో పొలం పనిచేసి నీరు తగ్గినప్పుడు, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మింగినప్పుడు రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మళ్లీ వస్తే ఏం చేయాలన్నది ఆయన బాగున్న ఈ రోజుల్లోనే ఆయననే అడగండి. తనకు ఎటువంటి వైద్యం చేయాలో, ఎటువంటిది చేయకూడదో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 చట్టం ఇచ్చింది. అప్పుడు తన తరఫున నిర్ణయాల్లో తోడ్పడే ప్రతినిధిని తెల్లకాగితంపై రాసి, సంతకమో వేలిముద్రో వేసి ఎంచుకోవచ్చు. పొలం విషయం కూడా ఆ పూటే మాట్లాడండి: నిద్ర తగ్గి, ఖర్చు పెరిగిన రోజుల్లో కుటుంబంలో మరొకరు ఒప్పుకోనిదే బేరం పెట్టనని ఆయన తానుగా ఒప్పుకుంటే, ఆ మాటను ఊళ్లో పొలాల బేరాలు కుదిర్చే పెద్దమనిషి చెవిన కూడా వేయించవచ్చు. పేరు మీదున్న ఆస్తిని ఇప్పుడే కొడుకుల పేరిట మార్చమని ఒత్తిడి తేవద్దు, జబ్బు సాకుతో పొలం లాక్కుంటున్నారని ఆయన అనుకుంటే మీ మాట వినడం అక్కడితో ఆగిపోతుంది. ప్రతినిధిని ఎంచుకున్న కాగితం నకళ్లు వైద్యుడి దగ్గర, ఆ ప్రతినిధి దగ్గర ఒక్కొక్కటి ఉంచి, అసలును మీ నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి.