రాక్ అండ్ రోల్ పుట్టుక వినాలంటే డ్రమ్స్ మీద చెవి పెట్టండి

రాక్ అండ్ రోల్ సంగీతం, నల్లజాతి అమెరికన్ల రిథమ్ అండ్ బ్లూస్ పాటల్లోంచే వచ్చిందంటారు కదా, ఒక్క పాటలో చూపించగలరా అని ఒకరు అడిగారు. నేనైతే పియానో వాయిస్తూ పాడే ఫ్యాట్స్ డొమినో పాట ‘ద ఫ్యాట్ మ్యాన్’ వినమంటాను. 1949 డిసెంబరులో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో, రికార్డులు అమ్మే షాపు వెనకగదిలో కాసిమో మటాసా నడిపిన స్టూడియోలో చేశారు. అప్పటికి డొమినోకి 21 ఏళ్లు.

ట్యూన్ కొత్తదేం కాదు. మత్తుమందుల మీద ‘జంకర్ బ్లూస్’ అని పాత పాట ఉండేది. డొమినో, బ్యాండ్ లీడర్ డేవ్ బార్తొలొమ్యూ కలిసి దానికి వేరే మాటలు కట్టారు. మధ్యలో డొమినో గొంతుతోనే ట్రంపెట్‌లా ‘వా వా’ అంటాడు, ఎన్నిసార్లు విన్నా హుషారొస్తుంది.

అందరూ ఇందులో పియానోనే మెచ్చుకుంటారు. పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో డ్రమ్స్ వాయించేవాణ్ణి కాబట్టి నా చెవి మాత్రం ఇందులో డ్రమ్స్ వాయించిన ఎర్ల్ పామర్ దగ్గరే ఆగుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే రెండు, నాలుగు మీద బరువు పడుతుంది. దీన్నే బ్యాక్‌బీట్ అంటాం. న్యూ ఆర్లియన్స్ జాజ్ బ్యాండ్లు ఆ దెబ్బను పాట ఆఖర్లో, ఊపు పతాక స్థాయికి చేరినప్పుడే వాడేవి. పామర్ దాన్ని మొదటినుంచీ చివరిదాకా వాయించేశాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పాడు.

ఈ రికార్డు పెట్టుకుని పక్కన వాయించి చూశాను. చేతులకు కష్టమేమీ లేదు. మధ్యలో ఏదో ఒక ఫిల్ (ఖాళీ నింపే చిన్న డ్రమ్స్ ముక్క) వేసేయాలన్న తహతహను ఆపుకోవడమే కష్టం. డ్రమ్మర్ అలా కదలకుండా నిలబడితేనే జనం కాళ్లు కదులుతాయి. మా ప్రోగ్రాముల్లోనూ అంతే, రెండు, నాలుగు మీద గట్టిగా కొడితే చప్పట్లు వాటంతటవే అక్కడ పడతాయి.

ఇక్కణ్నుంచి దారి సూటిగా కనిపిస్తుంది. 1952లో లాయిడ్ ప్రైస్ ‘లాడీ మిస్ క్లాడీ’ పాడింది ఆ స్టూడియోలోనే, పియానో డొమినో, డ్రమ్స్ పామర్. 1955లో లిటిల్ రిచర్డ్ ‘టుట్టి ఫ్రుట్టి’ కూడా అక్కడే, డ్రమ్స్ మళ్లీ పామరే. రిచర్డ్ కుడిచెయ్యి పియానో మీద సమానంగా టకటకా కొడుతుంటే ఊగే షఫిల్ నడక (ఒక దెబ్బ పొడుగ్గా, ఒక దెబ్బ పొట్టిగా పడేది) అతకలేదు, అందుకని పామర్ కూడా షఫిల్ వదిలి దానికి తగ్గట్టు వాయించాడు. తర్వాత రాక్ డ్రమ్మర్లంతా పట్టుకున్నది ఆ నడకనే.

ఈ మూడింటినీ ఇదే వరసలో వినండి. మొదటి రికార్డులో డ్రమ్స్ వెనకెక్కడో ఉన్నట్టుంటాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటేనే సరిగ్గా తెలుస్తాయి.